తలరాయి లేని గోడ

అన్యాయం ఎవరికి జరిగింది? ఎలా జరిగింది? ముందుగా ఈ రెండు ప్రశ్నలకూ సూటిగా జవాబు చెప్పుకొని, ఆ తర్వాతే కథలోకి పోదాం.

అన్యాయం జరిగింది ఒలిందాకు. ఇటలీలోని లిగూరియా కొండల్లో, సముద్రానికి ఎగువన, రోవెగ్రా అనే పల్లెలో, దిగువ మెట్టు మీద ఒంటరిగా నివసించే డెబ్బై దాటిన వితంతువు ఆమె. ఎగువ మెట్టు మీది ఇంటివారు తమ ముంగిలిని అందంగా తీర్చిదిద్దుకొంటూ, కొండ నీరు బయటికి పోయే దారులను మూసివేసి, ఆ నీటి బరువంతా తెచ్చి ఆమె నెత్తిమీద నిలబెట్టారు. ఆ సంగతి ఆమెకు తెలియదు. చేసినవారికి తెలుసు. తెలియక చేసి ఉంటే పొరపాటు అనుకొని ఊరుకొనేవారం. తెలిసి చేశారు గనుకనే దీనికి అన్యాయమని పేరు.

జూన్ నెలలో ఒక ఉదయం. ఎగువ ఇంటి అర్మీదా తన కొత్త ముంగిట్లో అతిథులకు కాఫీ అందిస్తోంది. ముంగిలి నిండా లేత బూడిదరంగు బండలు, నడుమ సందు కనబడకుండా సిమెంటుతో అతికి, కడిగిన పళ్లెంలా మెరుస్తున్నాయి. అంచున రాతి అరుగు, అరుగుకు చెరోపక్కన నిమ్మమొక్కల కుండీలు, ఎదుట పల్లంలో సముద్రం. వేసవికి గది అద్దెకు తీసుకొన్న మిలాను నగరపు దంపతులు ఫొటోలు తీసుకొంటున్నారు.

"ఎంత శుభ్రంగా ఉందండీ ఇప్పుడు! పోయినేడు ఆ గోడంతా పాచి, కంతల్లోంచి బల్లులు... నాకైతే అటు చూస్తేనే ఒళ్ళు జలదరించేది," అన్నది ఆ దంపతుల్లో భార్య.

"ఆ కంతలన్నీ పూడ్పించేశామమ్మా. ఇక ఒక్క బల్లి కూడా రాదు," అన్నది అర్మీదా నవ్వుతూ.

అప్పుడే దిగువ నుంచి కేక వినబడింది. ఒలిందా తన తోటలో నిలబడి, కోసిన బాసిల్ ఆకు కట్ట ఒక చేత్తో పట్టుకొని, రెండో చేయి ఎండకు అడ్డం పెట్టుకొని పైకి చూస్తోంది.

"అమ్మాయ్ అర్మీదా! నీ కడుపు చల్లగుండ! నా వెనకగది ఈ ఏడు చెమ్మ లేకుండా ఎండిపోయిందే! మీరు గోడ బాగుచేయించిన దగ్గర్నుంచీ చుక్క కారితే ఒట్టు. మంచం అక్కడికే మార్చేశాను. గోడ పక్కన తల పెట్టుకుని పడుకుంటే ఎంత హాయిగా ఉందనుకున్నావ్!"

అర్మీదా చేతిలోని కప్పు అరుగు మీద పెట్టింది. "మంచిది పిన్నీ," అన్నది. వెంటనే అతిథుల వైపు తిరిగింది.

రోవెగ్రాలో పుట్టిన పిల్లకు, గది ఎండిందన్న మాటకు అర్థం ఏమిటో ఎవరూ విప్పిచెప్పనక్కర లేదు. ఆ పల్లెలో ఇళ్ళు మెట్లు మెట్లుగా ఉంటాయి. ఒకరి ముంగిలిని ఆపే గోడ మరొకరి ఇంటి వెనక నిలబడి ఉంటుంది. ఆ గోడలు సున్నమూ సిమెంటూ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టినవి. మధ్య మధ్య నీరు కారడానికి కంతలు వదిలిపెడతారు. వాటిని గోడ నోళ్ళంటారు. వాన వెలిసిన తర్వాత గోడ చెమర్చి కారుతూ ఉంటే ఇంటివారు నిశ్చింతగా నిద్రపోతారు. గోడ పొడిగా ఉన్నదంటే, నీరు ఎక్కడికీ పోలేదని, లోపలే ఉన్నదని అర్థం. ఒలిందాకూ ఈ సంగతి తెలుసు. కానీ ఎగువ ఇంటివారు పట్నం మనుషుల చేత పని చేయించారు గనుక, లోపల గొట్టాలు వేసి నీటిని వాగులోకి మళ్ళించి ఉంటారని ఆమె నమ్మింది. నమ్మదగినవారే అనుకొన్నది.

నిజానికి అలా చేయించే అవకాశం వారికి వచ్చింది కూడా. ఆ ఏడాది మొదట్లో, చలి తగ్గుతున్న రోజుల్లో, ఫుల్వియా అనే ఆమె వచ్చి చూసింది. ముంగిళ్ళకు బండలు పరిచే, కొండవాలు గోడలు కట్టే సంస్థ ఆమెది. తండ్రి నడిపిన పనిని తాను చేపట్టింది. ముంగిలి నలుమూలలా తిరిగి, గోడను తట్టి చూసి, ఆమె అర్మీదాతోనూ భర్త లీవియోతోనూ సూటిగా మాట్లాడింది.

"ముందు గోడ వెనక మట్టి తీసి కంకర నింపాలి. అడుగున గొట్టం వేసి వాగులోకి వదలాలి. మూల ఉన్న పాత కాలవ పూడ్చకూడదు. ఇదంతా అయ్యాకే పైన బండలు. అవి కూడా ఇసకమీదే, సిమెంటు మీద కాదు."

"కంకర, గొట్టం... ఇవన్నీ ఎవరికి కనబడతాయమ్మా?" అన్నాడు లీవియో.

"ఎవరికీ కనబడవు."

"మరి కనబడని దానికి అంత ఖర్చేంటి? సంస్థ పేరు చెప్పి మీరు మా చెవుల్లో పువ్వులు పెడుతున్నారు."

ఫుల్వియా కోపగించుకోలేదు. "పైపని ఒక్కటే కావాలంటే చేసేవాళ్ళు బోలెడుమంది. నేను చెయ్యను. కింద ఎవరో ఉంటున్నారుగా," అని ఒలిందా ఇంటి పెంకుల వైపు చూసి, టోపీ పెట్టుకొని వెళ్ళిపోయింది.

తర్వాత సౌరో వచ్చాడు. మైదాన ప్రాంతపు మేస్త్రీ. సంస్థా లేదు, అనుమతీ లేదు. ఉన్నదల్లా ఒక వ్యానూ, గలగలా వాగే నోరూ. ఈస్టరుకు ముందే బండలు పరిచేశాడు. మూల ఉన్న పాత కాలవ బండల కిందికి పోయింది. చివరి రోజున అర్మీదా తానుగా వేలెత్తి చూపి, "ఆ కంతలు కూడా పూడ్చెయ్యి. చూడ్డానికి అసహ్యంగా ఉన్నాయి," అన్నది.

"అదెంత పని! గోడ నోరు మూయించడం, మా ఆవిడ నోరు మూయించడం కన్నా సులువేనమ్మా," అన్నాడు సౌరో. అర్మీదా పకపకా నవ్వింది. ఆ నవ్వు తర్వాతి రోజుల్లో ఎన్నిసార్లు చెవిలో మోగిందో ఆమెకే తెలుసు.

ఆమె ఆ ముంగిట్లో రోజ్మేరీ పొదను కూడా నాటించింది. అందం కోసమే అని అందరితోనూ చెప్పింది. అసలు కారణం వేరు. ఒలిందా తోట చుట్టూ నడుము ఎత్తు రాతిగోడ ఒకటి ఉన్నది. దాని పై వరుసలో ఒకచోట తలరాయి లేదు. పన్ను ఊడిన సందులా ఆ ఖాళీ అర్మీదా ముంగిట్లోకి సూటిగా కనబడుతుంది. రోవెగ్రాలో ఆ ఖాళీకి ఒక అర్థం ఉన్నది. వరదలో ఒకరికి ఒకరు చేసిన కష్టానికి అక్కడ డబ్బు తీసుకోరు. ఆ కష్టాన్ని కష్టంతోనే తిరిగి తీర్చాలి. తీరేవరకూ కష్టపడినవారు తమ గోడమీది తలరాయి ఒకటి తీసి పక్కన పెడతారు. నోటితో అడగడం వారికి నామోషీ. ఆ ఖాళీయే అడుగుతుంది.

ఒలిందా గోడమీది ఖాళీ అర్మీదా పుట్టింటిని, అంటే ఇప్పుడు ఆమె కాపురముంటున్న ఇంటినే, అడుగుతున్నది. అర్మీదా చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక శరత్కాలంలో కొండచరియ జారి, ఈ ఇంటి ముంగిలీ గోడా కొట్టుకుపోయాయి. బురదలో గొంతు వరకూ కూరుకుపోయిన ఆ పిల్లను, ఒలిందా భర్త జాకు గోళ్ళతో తవ్వి బయటికి లాగాడు. ఆ చలికాలమంతా అదే జాకు ఆ గోడను తిరిగి కట్టాడు. రాయి పేర్చేటప్పుడు పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని, "ఇదిగో, ఇది దీని నోరు. దీన్ని మాట్లాడనివ్వాలి," అని కంతల్లో ఆమె వేలు పెట్టించేవాడు. అర్మీదా తండ్రి ఆ కష్టాన్ని తీర్చకుండానే కాలం చేశాడు. జాకూ పోయాడు. ఖాళీ మిగిలింది. కూతురు దానికి అడ్డంగా పొద నాటింది.

అక్టోబరులో మొదటి వాన పడింది. పెద్ద వాన కాదు. అది వెలిశాక అర్మీదా గోడ అంచున వంగి చూసింది. గోడ పొడిగా ఉన్నది. చుట్టుపక్కల మెట్ల గోడలన్నీ కారుతూ ఉంటే, ఆ ఒక్క గోడ మాత్రం ముక్కు మూసుకొన్న మనిషిలా బిగిసి నిలబడి ఉన్నది.

మరునాడు ఊడుస్తూ ఉండగా, అరుగుకూ చివరి బండకూ నడుమ వెంట్రుకలాంటి బీట కనబడింది. అర్మీదా వేలిగోరు పెట్టి చూసింది, దూరలేదు. తర్వాతి వారం దూరింది. ఆ నెల చివరికి వేలే దూరింది. అప్పుడు ఆమె చేసిన పని చెప్పడానికి మనసొప్పదు గాని, చెప్పక తప్పదు. నిమ్మకుండీని జరిపి ఆ బీట మీద పెట్టింది.

అది మొదలు ఆమె ముంగిట్లోకి రావడం తగ్గించింది. బండలమీద నడిచినప్పుడు కింద బోలుగా మోగినట్లు అనిపించేది. గిన్నె జారి పడినా, పిల్లి అరుగు మీద నుంచి దూకినా పరుగున వచ్చి కుండీ వైపు చూసేది. అన్నిటికన్నా భయంకరమైనది ఒలిందా కూనిరాగం. పొద్దున్నే ఆ ముసలమ్మ వెనకగదిలో పక్క సర్దుకొంటూ తీసే రాగం గోడ అవతలి నుంచి సన్నగా వినబడేది. అది వినబడేవరకూ అర్మీదా కిటికీ దగ్గర నుంచి కదిలేది కాదు.

"చెప్పేద్దామయ్యా. ఆ గదిలో పడుకోవద్దని ఒక్క మాట చెప్పేస్తే చాలు," అన్నది ఒకనాడు భర్తతో.

లీవియో రొట్టె ముక్కను సూపులో ముంచి, తినకుండానే పళ్లెంలో వదిలేశాడు. "ఎందుకని అడిగితే ఏం చెప్తావే? అనుమతి లేకుండా చేయించామనా? నోళ్ళు మేమే మూయించామనా? రేపు మున్సిపాలిటీవాళ్ళు వస్తారు. మనం అద్దెకిచ్చే గదులకు తాళం పడుతుంది. మన చేత్తో మనమే సంకెళ్ళు వేసుకోవాలా?"

"గోడ పడితేనో?"

"పడదు. సిమెంటు ఆరేటప్పుడు బీటలు రావడం మామూలే. ఎండొస్తే సర్దుకుంటుంది." ఆ మాట అంటున్నప్పుడు అతని కళ్ళు కిటికీ వైపే ఉన్నాయి. భయం ఇద్దరిలోనూ ఉన్నది. ఒకరి భయాన్ని ఒకరు చూడకుండా ఇద్దరూ ముఖాలు తిప్పుకొన్నారు.

నవంబరులో ఆ రోజు రానే వచ్చింది. ఉదయమే అందరి ఫోన్లలోనూ కుండపోత వానకు ఎర్ర హెచ్చరిక మోగింది. బడులు మూసివేశారు. సముద్రం సీసంరంగుకు తిరిగింది. పది గంటలకు మొదలైన వాన ధారలుగా కాదు, గోడలు గోడలుగా పడసాగింది. కొత్త ముంగిలి చూస్తూండగానే నీటిగుంటగా మారింది. నీరు బండలమీద నిలబడి సుడి తిరుగుతూ, నిమ్మకుండీ పక్కగా, ఆ బీటలోకి మాత్రం చక్కగా దిగిపోతున్నది. దిగిన నీరు ఇంకెక్కడా బయటికి రావడం లేదు.

అర్మీదా కోటు తలమీద కప్పుకొని మెట్లు దిగి ఒలిందా ఇంటికి వెళ్ళింది. ముసలామె పొయ్యి దగ్గర కూర్చొని చెస్ట్‌నట్ కాయలు కాల్చుకొంటోంది.

"పిన్నీ, మా ఇంటికి రా. ఇద్దరం కలిసి భోంచేద్దాం. ఈ వానలో ఒక్కదానివే ఏం ఉంటావ్?"

"నీకేం పిచ్చా అమ్మాయ్? ఈ వానలో మెట్లెక్కి జారిపడమంటావా? నాకేం భయం! మీ గోడ కొత్తది, నా గది పొడిది. ఇదిగో, కాయలు తిను. తిని నేనో కునుకు తీస్తా. వాన చప్పుడుకి బాగా నిద్రపడుతుంది."

"అయితే ఇక్కడే పడుకో పిన్నీ, పొయ్యి దగ్గర."

"నడుం విరగ్గొట్టుకోడానికా? వెళ్ళు, వెళ్ళు. నీ ముఖం చూస్తే నువ్వే పడుకోవాల్సినట్టున్నావ్." ఆమె రెండు వేడి కాయలు ఊది, అర్మీదా అరచేతిలో పెట్టి, పిడికిలి మూసింది.

ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం అర్మీదా నాలుక చివర ఉన్నది. అయినా ఆమె కాయలు పట్టుకొని, తలుపు దగ్గరగా వేసి, బయటికి వచ్చేసింది. పాఠకులు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆమె దుర్మార్గురాలు కాదు. వానలో తడిసి వచ్చింది, భోజనానికి పిలిచింది, పడక మార్చుకోమని బతిమాలింది. దయతో చేయగలిగినదంతా చేసింది. చేయవలసినదొక్కటే చేయలేదు. నిజం చెప్పలేదు.

తోట దాటుతూ ఆమె గోడ వైపు తలెత్తింది. సౌరో పూడ్చిన ఒక కంతలో సిమెంటు ముద్ద బయటికి ఉబికి ఉన్నది. దాని చుట్టూ బురదనీరు బుడగలు బుడగలుగా వస్తోంది. గోడ లోపలి నుంచి ఒక మూలుగు వినబడింది. అది రాయి మీద రాయి ఒరుసుకొనే చప్పుడు. చిన్నప్పుడు, ఆ శరత్కాలంలో, బురద తన మీదికి రాకముందు విన్న చప్పుడు సరిగ్గా అదే.

ఆమె గోడవైపు చూస్తూనే వెనకడుగు వేసింది. వెనక్కి తిరిగితే ఎదురుగా, పొద అడ్డం లేకుండా, తలరాయి లేని ఆ ఖాళీ. దాని గుండా వాననీరు కారుతున్నది. గొంతు వరకూ బురద, చీకటి, ఆ చీకట్లోకి దూసుకొచ్చిన గోళ్ళు, "ఉన్నా తల్లీ, నేనున్నా" అన్న జాకు గొంతు... అన్నీ ఒక్కసారిగా ఆమె మీద పడ్డాయి.

ఆమె పరుగెత్తి తలుపు తోసింది. ఒలిందా అప్పటికే వెనకగదిలో మంచం మీద కూర్చొని మేజోళ్ళు విప్పుకొంటోంది.

"లే పిన్నీ! గోడ పడుతోంది! దాని నోళ్ళు నేనే మూయించాను. లోపల గొట్టాల్లేవు, ఏమీ లేవు. నీళ్ళన్నీ నీ తల వెనకే ఉన్నాయి. నాకు తెలుసు. మొదట్నుంచీ తెలుసు!"

ఒలిందా ఆమె ముఖంలోకి చూసింది. ఒక కాలికి మేజోడుతో, ఒక కాలు వట్టిదిగా లేచి, అర్మీదా భుజం పట్టుకొన్నది. ఇద్దరూ తోట దాటి, దాని అవతల ఉన్న ఊరి ప్రార్థనా మందిరం వాకిట్లోకి చేరేసరికి వెనక కొండ దగ్గినట్లు ఒక చప్పుడు. ముంగిలి మధ్యకు విరిగింది. బండలు, అరుగు, నిమ్మకుండీలు అన్నీ ఒక్కసారిగా ముందుకు వాలి, ఒలిందా వెనకగది పైకప్పు మీద పడ్డాయి. వాటి వెంట మట్టి వచ్చింది. ఒక్క నిమిషంలో ఆ గది కిటికీలోంచి బురద, మంచం కాలితో సహా, తోటలోకి కారింది.

లీవియో ఎగువ మెట్టు మీద తలుపు చట్రం పట్టుకొని నిలబడి, "అర్మీదా! అర్మీదా!" అని పిచ్చివాడిలా అరుస్తున్నాడు.

ఒలిందా తడిసిన మేజోడు విప్పి పిండింది. తర్వాత, వానవైపే చూస్తూ అన్నది.

"ఇల్లు పోయినందుకు కాదే నాకు కోపం. ఆఖరికైనా చెప్పావు, బతికించావు. సరే. కానీ జూన్‌లో నేను కిందనుంచి దీవిస్తుంటే పైనుంచి విన్నావు చూడు. నన్ను చంపే గోడకి నా చేతనే దండం పెట్టించుకున్నావు. అది మర్చిపోలేను."

అర్మీదా తన కోటు తీసి ఆమె భుజాల మీద కప్పింది. మరునాడు ఆమె మున్సిపాలిటీకి వెళ్ళి, తానూ భర్తా చేసినదంతా ఒక్క మాట దాచకుండా చెప్పింది. లీవియో రెండు రోజులు అన్నం ముట్టక అలిగాడు. మూడో రోజు తానే పార పట్టుకొని ఒలిందా తోటలోకి దిగాడు. గదులకు తాళం పడింది. శిక్షగా పడినది పడింది. ఒలిందా ప్రార్థనా మందిరం పక్క గదిలో తలదాచుకొన్నది.

అర్మీదా ఫుల్వియా దగ్గరకు వెళ్ళి తల వంచుకొని నిలబడింది. ఫుల్వియా ఎత్తిపొడవలేదు. "ముందు కింది ఇల్లు, తర్వాత గోడ, ఆఖరికి మీ ముంగిలి. ఈ వరసకు ఒప్పుకుంటేనే వస్తా," అన్నది. ఒప్పుకొన్నారు. చలికాలమంతా సంస్థ పనివారితో పాటు ఆ దంపతులూ రాళ్ళు మోశారు. ఒలిందా గది మళ్ళీ లేచింది. గోడ వెనక కంకర పడింది, గొట్టం పడింది, పాత కాలవ తిరిగి వాగును చేరింది. జాకు పేర్చిన రాళ్ళలో దొరికినవన్నీ మళ్ళీ గోడలోకే వెళ్ళాయి. మూయించిన ప్రతి నోటినీ అర్మీదా తన చేతులతోనే మళ్ళీ తెరిచి ఉంచింది. గోళ్ళు విరిగాయి, ఆమె ఎవరికీ చూపించలేదు.

మార్చిలో వాన కురిసి వెలిసింది. గోడ అంతటా చెమర్చి, నోళ్ళలోంచి నీరు సన్నగా జారింది. ఒలిందా ఒక ధార కింద అరచేయి పట్టి, "మాట్లాడుతోంది," అన్నది. అర్మీదా ఆ మాటకోసమే ఎదురుచూస్తున్నది. తోటమూల గడ్డిలో ఏళ్ళ తరబడి పడి ఉన్న తలరాయిని రెండు చేతులా ఎత్తుకొని వచ్చింది.

"కింద పెట్టు," అన్నది ఒలిందా.

"పిన్నీ..."

"నువ్వు కట్టింది నువ్వు కూల్చిన గోడ. నువ్వు లేపింది నువ్వు పడగొట్టిన గది. తప్పు దిద్దుకోవడం వేరు, బాకీ తీర్చడం వేరు. జాకు మీ ఇంటికి చేసిన చలికాలపు కష్టం ఇంకా అలాగే ఉంది."

లీవియో ముఖం ఎర్రబడింది, ఏదో అనబోయాడు. అర్మీదా అతని చేయి నొక్కి, రాయిని తిరిగి గడ్డిలో పెట్టింది. మరునాటి పొద్దున, తమ ముంగిలి ఇంకా వట్టి మట్టిగానే ఉండగా, ఆమె ఒలిందా ద్రాక్షతోటలోకి వెళ్ళింది. జాకు పోయిన తర్వాత చేయి పడక కూలిన మెట్లు అక్కడ ఉన్నాయి. వాటికీ, ఆమె చేసిన తప్పుకూ ఏ సంబంధమూ లేదు. వేసవి గడిచింది, ద్రాక్షకోతలు గడిచాయి, మళ్ళీ చలి వచ్చింది. ఆమె రోజూ వెళ్ళింది. కొన్నాళ్ళకు లీవియో కూడా పిలవకుండానే వెంట నడిచాడు. ఫుల్వియా తీరిక చిక్కినప్పుడల్లా వచ్చి, వంకరపోయిన వరుసను విప్పించి మళ్ళీ పేర్పించేది. ఊరివారు మొదట నవ్వారు, తర్వాత ఊరుకొన్నారు, ఆ తర్వాత తమ తమ గోడల నోళ్ళు శుభ్రం చేసుకోసాగారు.

ఆఖరి మెట్టు పూర్తయిన సాయంత్రం ఒలిందా అరుగు మీద కూర్చొని అందరూ వినేలా అన్నది.

"ముంగిలికి బండలు పరిచేటప్పుడు పైన ఏం కనబడుతుందని అడుగుతారందరూ. కింద ఎవరుంటారని అడగండి. దాచిపెట్టిన పని పరాయివాళ్ళ నెత్తిన పడుతుంది. దాచిన నిజమూ అంతే."

అప్పుడు ఆమె లేచి, గడ్డిలోని తలరాయిని తానే వంగి చూపించింది. అర్మీదా దాన్ని ఎత్తి, మట్టి తుడిచి, ఖాళీలో అమర్చింది. ఒలిందా అరచేత్తో దానిమీద గట్టిగా నొక్కి చూసింది. రాయి కదలలేదు.

"తీరింది," అన్నది. "జాకు బాకీ పూర్తిగా తీరింది."